వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు సైకిళ్ల మీద: ఒక రక్తదాన యాత్ర డైరీ

సెప్టెంబరు 2024, హైదరాబాద్

ఈ డైరీ మాస్టారి పట్టుదల. ఎవరు ఏ పని ఒప్పుకున్నారో, ఎవరి దగ్గర ఎంత డబ్బుందో ఎప్పటికప్పుడు రాసిపెట్టకపోతే యాత్ర పూర్తయ్యేలోపు స్నేహాలు పూర్తవుతాయంటారాయన. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన చెప్పారు, రాయడం నా వంతు పడింది.

పని ఇది: డిసెంబరులో విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు సైకిళ్ల మీద రావాలి. ఆరొందల కిలోమీటర్ల పైమాటే. దారిలో కాలేజీల్లో రక్తదాన శిబిరాలు పెట్టించాలి, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బున్న పిల్లల కోసం కొంత డబ్బు పోగుచెయ్యాలి. తొక్కేవాళ్లం మాస్టారు, ఒక బ్లడ్ సెంటర్లో పనిచేసే డాక్టరమ్మ, బ్యాంకులో ఉన్న మా బావ, సాఫ్ట్‌వేర్ చిన్నోడు, నేను. వెనక బొలేరోలో సామాన్లు వేసుకుని మా పెద్దమ్మ కొడుకు వస్తాడు.

ఈ ఆలోచన పుట్టింది డాక్టరమ్మ మాటల్లోంచి. తలసీమియా మేజర్, అంటే ఆ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినంతకాలం. పైగా ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. మనం తినే తిండిలోంచి రోజుకు ఒంటబట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అదనంగా చేరినదాన్ని బయటికి నెట్టే దారి శరీరానికి లేదు, గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది. దాన్ని తోడెయ్యడానికి మళ్లీ రోజూ మందులు. అంటే ఈ పిల్లలకు కావలసింది ఒక్కసారి రక్తమిచ్చి ఫొటో దిగే దాతలు కాదు, ఫోన్ చేస్తే మళ్లీ వచ్చే దాతలు. మేం తెచ్చుకోవాల్సింది ఆ ఫోన్ నంబర్లు. సైకిళ్లు అందుకో సాకు.

సమయం మాత్రం బాగాలేదు. ఈ నెల మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి, ఖమ్మంలో మున్నేరు ఊళ్లోకొచ్చింది. ఎవర్ని విరాళం అడిగినా "వరద బాధితులకు ఇచ్చేశామండీ" అంటున్నారు. న్యాయమే, మేమూ అక్కడికే ఇచ్చాం. డబ్బు అడగడం దసరా తర్వాతకు వాయిదా వేసుకున్నాం.

ఈలోపు రూటు మీద రగడ. నలుగురూ హైదరాబాద్ నుంచి వైజాగ్ అన్నారు. చివర్లో ఆర్కే బీచ్, సముద్రం ముందు సైకిళ్లు పైకెత్తి ఫొటో. నేను ఒప్పుకోలేదు. డిసెంబరులో కోస్తాలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. విజయవాడ నుంచి వైజాగ్‌కు పోయే రోడ్డు సరిగ్గా ఆ గాలికి ఎదురెళ్తుంది. ఎత్తు ఎక్కడమైతే ఎక్కడో ఒకచోట అయిపోతుంది, ఎదురుగాలి పొద్దుగూకేదాకా వదలదు. అదే వైజాగ్ నుంచి బయల్దేరితే మూడొందల యాభై కిలోమీటర్లు గాలే వీపు మీద చెయ్యేసి తోస్తుంది. విజయవాడ దాటాక ఎక్కుడు ఉన్నమాట నిజం. విజయవాడ ఇరవై పాతిక మీటర్ల ఎత్తులో ఉంటే హైదరాబాద్ 500 దాటుతుంది. కానీ ఆ ఎత్తంతా 270 కిలోమీటర్ల పొడవునా పరుచుకుంది. మాస్టారు కాగితం మీద భాగించి చూసి, "కిలోమీటరుకు రెండు మీటర్లు కూడా రాలేదు, నా బండికి గేర్లు లేకపోయినా పర్లేదు" అన్నారు. ఆయనది నల్లటి హీరో సైకిలు, వెనక క్యారేజీ, ముందు గంట. మార్చమంటే మార్చరు.

బీచ్ ఫొటో బయల్దేరే రోజు దిగొచ్చని చిన్నోణ్ని ఒప్పించాం.

అక్టోబరు, దసరా వెళ్లాక

డబ్బు సంగతి తేలింది. మా తిండి, లాడ్జీలు, బొలేరో డీజిలు, టోలు అన్నీ మా జేబుల్లోంచే. విరాళంలో ఒక్క రూపాయి కూడా యాత్రకు వాడం. ఇది బావ పెట్టిన షరతు. బ్యాంకులో ఇరవై ఏళ్లుగా నానారకాల ఖాతాలు చూసిన మనిషి కదా, మా ఫోన్ల యూపీఐకి ఎవరూ పంపకూడదన్నాడు. పిల్లలకు రక్తం ఎక్కించే సంస్థ ఖాతా క్యూఆర్ కోడ్‌నే బొలేరో వెనక అంటిస్తున్నాం. రోడ్డు మీద పదో పరకో చేతిలో పెట్టేవాళ్లుంటారు కాబట్టి సంస్థవాళ్ల దగ్గరే నంబర్లున్న రసీదు పుస్తకం తీసుకున్నాం. నగదుగా రెండు వేలకు మించి ఇస్తే ఆదాయపు పన్నులో 80జీ కింద విరాళాలకిచ్చే మినహాయింపు రాదు, ఆ మాట ముందే చెప్పాలి. అయితే జీతగాళ్లలో చాలామంది కొత్త ట్యాక్స్ పద్ధతిలోకి మారిపోయారు, అందులో 80జీ అసలు లేదు. కాబట్టి ఈ ఏడాది రసీదు కోసం ప్రాణాలు తీసేవాళ్లు తక్కువే.

అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు ఐదొందల డాలర్లు పంపుతానన్నాడు. వాడికి అక్కడి పౌరసత్వం వచ్చింది. మనవాడే అయినా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితేనే, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకులో అందుకోసం తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి. మేం పనిచేస్తున్న సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు బ్యాంకు ద్వారా పంపితే ఈ గొడవ లేదు. "నీకు గిఫ్టుగా పంపుతా, నువ్వు వాళ్లకిచ్చెయ్ అన్నయ్యా" అన్నాడు. బావ చేతులెత్తి దండం పెట్టాడు. చివరికి తెనాలిలో ఉన్న బాబాయే తన పెన్షన్లోంచి కొంత ఇచ్చారు. కొడుకు మీద పంతం కొద్దీ ఇచ్చినట్టున్నారు, బాగానే ఇచ్చారు.

డిసెంబరే ఎందుకో డాక్టరమ్మ ఇవ్వాళ విడమరిచి చెప్పింది. మగవాళ్లు ఒకసారి రక్తమిచ్చాక 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. డిసెంబరు రెండో వారంలో ఇచ్చిన అబ్బాయి మార్చిలో, అమ్మాయి ఏప్రిల్లో మళ్లీ ఇవ్వొచ్చు. రక్తానికి కటకట వచ్చేది సరిగ్గా అప్పుడే: పరీక్షలు, ఆ వెంటనే సెలవులు, కాలేజీలు ఖాళీ, ఎండలు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా 35 నుంచి 42 రోజులకు మించి నిలవుండవు. జనవరిలో పండగలా సేకరించి మేలో వాడుకుందామంటే కుదరదు. అంటే అసలు పంట డిసెంబరు శిబిరం కాదు, మార్చిలో చేసే ఫోన్లు.

నవంబరు

పొద్దున్నే వికారాబాద్ రోడ్డు మీద ప్రాక్టీసు. అనంతగిరి ఎక్కుడులో చిన్నోడు మా అందర్నీ దాటేసి పైన టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు. మాస్టారు ఒకే తీరున, గంటకు పద్నాలుగు పదిహేను చొప్పున, చెమట పట్టనట్టు వస్తారు. అందుకే యాత్రలో ఆయనే ముందుండాలని రూలు పెట్టాం. గుంపులో నెమ్మదైనవాడు వెనకుంటే వాడికి విశ్రాంతే దొరకదు, వాడు అందుకునేసరికి ముందువాళ్లు లేచిపోతారు. ఆయన్ని ముందు పెడితే అందరి ఊపిరీ ఒకదారిన ఉంటుంది. చిన్నోడికిది మింగుడుపడలేదు.

సామాన్ల గురించి రెండు ముక్కలు, ఎవరికైనా పనికొస్తాయని. మెత్తగా ఉంటుందని జెల్ సీటు కవర్లు కొంటారు చాలామంది. ముప్పై కిలోమీటర్ల వరకే ఆ సుఖం, తర్వాత ఒరుసుకుపోతుంది. ప్యాడ్ కుట్టిన షార్ట్స్, లోపల ఏమీ లేకుండా వేసుకోవడమే దారి. మాస్టారితో ఈ మాట ఎవరు చెప్పాలన్నది పెద్ద సమస్యైంది. డాక్టరమ్మే చెప్పింది. ఆయన విని, లోపల షార్ట్స్, పైన ప్యాంటు అన్నారు. రెండోది వాల్వు. నా సైకిలు, చిన్నోడిది ప్రెస్టా వాల్వులు, సన్నటివి. హైవే మీద పంచరు షాపు పంపు వాటికి పట్టదు. అడాప్టర్ రూపాయి నాణెమంత ఉండదు, అది లేకపోతే మాత్రం బండి నడిపించుకుంటూ పోవాల్సిందే. మాస్టారి హీరోకి ఏ ఊళ్లో గాలి కొట్టించినా ఎక్కుతుంది, ఆ సంగతి ఆయన రోజుకోసారి గుర్తుచేస్తారు.

కాలేజీలతో మాటలు నడుస్తున్నాయి. శిబిరమంటే టెంటు, అరటిపండ్లు, బ్యానరు అనుకుంటారు. లైసెన్సున్న బ్లడ్ సెంటర్ వచ్చి పెడితేనే శిబిరం. వాళ్ల స్టాఫు ఎంతమందికి సరిపోతారో అంతమంది దగ్గరే తీసుకోవాలి. ఒక కాలేజీవాళ్లు ఐదొందల మందిని పోగుచేస్తామని ఉత్సాహపడితే, వద్దు, మళ్లీ మళ్లీ ఇవ్వగలిగిన అరవైమంది చాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ ప్రిన్సిపల్‌గారికి చిన్నతనమనిపించింది, తర్వాత ఫోనెత్తలేదు.

డిసెంబరు మొదటి వారం

4వ తేదీ పొద్దున ఏడున్నరకు ఇల్లు ఊగింది. ములుగు దగ్గర భూకంపం, 5.3 అన్నారు. మా అమ్మ వెంటనే, "చూశావా, భూమే వద్దంటోంది" అంది. ములుగుకూ మా రూటుకూ సంబంధం లేదని చెప్పినా వినలేదు, మొలతాడుకు ఒక తాయెత్తు ఎక్కింది.

సైకిళ్లు గోనెపట్టాల్లో చుట్టి రైల్లో వేశాం. దారిలో ఎక్కడో దెబ్బ తగిలి చిన్నోడి బండి వెనక గేరు హ్యాంగరు లోపలికి వంగింది. చిన్న గేరేస్తే చువ్వలకు తగులుతోంది. వైజాగ్‌లో ఓ మెకానిక్ కుర్రాడు చక్రం విప్పి, పొడవాటి రెంచి బిగించి, కన్ను మూసి తెరిచి చూసుకుంటూ వెంట్రుకవాసి చొప్పున బయటికి లాగాడు. డబ్బులు తీసుకోలేదు. విరాళం కింద రాసుకోమన్నాడు. అది ఏ పద్దులో రాయాలని బావకు ఇప్పటికీ సందేహమే.

డిసెంబరు 9, తుని, అన్నవరం

చీకట్లోనే బీచ్ ఫొటో అయిపోయింది. గాజువాక, అనకాపల్లి, తెల్లారేసరికి బెల్లం వాసన. గాలి నేను చెప్పిన చోటి నుంచే వచ్చింది. యలమంచిలి దాటాక తొక్కకుండానే బండి పోతున్నట్టుంది. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నా.

నక్కపల్లి దగ్గర టీ కొట్టాయన, "ఏటి బాబూ, బస్సులు నేవా?" అని అడిగాడు. సంగతి చెబితే ఇరవై రూపాయలిచ్చి, రసీదు వద్దంటే బావ వినకుండా చేతిలో పెట్టాడు. ఆయన ఆ కాగితాన్ని వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపాడు.

తాండవ వంతెన దాటితే తుని. శిబిరం మేం వెళ్లేసరికే నడుస్తోంది. ఓ కుర్రాడు లేచి, "మీరెందుకు ఇవ్వట్లేదు సార్?" అని నిలదీశాడు. మంచి ప్రశ్న, నవ్వులు కూడా పడ్డాయి. రక్తమిచ్చిన రోజు బరువు పనులు చెయ్యకూడదు, తర్వాత కొన్ని వారాలు దమ్ము కూడా తగ్గుతుంది, ఆరొందల కిలోమీటర్లు తొక్కేవాడు ఇస్తే దారిలో బొలేరోలో పడుకోవాలి, ఇల్లు చేరి ఓ వారం ఆగి ఇస్తామని మాస్టారు మాటిచ్చారు. ఇంకో అమ్మాయి అడిగింది: తునిలో ఇచ్చిన రక్తం హైదరాబాద్ పిల్లలకెలా వెళ్తుంది? వెళ్లదు. కాకినాడ, రాజమండ్రి వైపు ఉన్న పిల్లలకే వెళ్తుంది. ఈ జబ్బు పిల్లలు అన్నిచోట్లా ఉన్నారు, కనపడరంతే.

కార్తీకం పోయింది కాబట్టి అన్నవరంలో రద్దీ తగ్గింది. కొండ మెట్లెక్కే ఓపిక లేక కింద నుంచే దణ్ణం పెట్టి, ప్రసాదం మాత్రం తెప్పించుకున్నాం. ఆకు పొట్లంలో నెయ్యి కారుతున్న వేడి గోధుమనూక ప్రసాదం, నూట ఇరవై కిలోమీటర్లు తొక్కిన ఆకలి. ఆ రాత్రి ఇంకేమీ తినలేదు.

డిసెంబరు 10, 11, గోదావరి మీదుగా

అన్నవరం నుంచి రాజానగరం దాకా రోడ్డు ఎత్తుపల్లాలు. తర్వాత చదును. ఆ చదునులోనే అసలు కష్టం ఎదురైంది: ధాన్యం. సార్వా కోతలయ్యాయి, సర్వీసు రోడ్డూ హైవే అంచూ పొడుగునా వడ్లు ఆరబోశారు. అంచున రాళ్లు పేర్చి, మీద పట్టాలు. మాకున్నది ఆ అంచే. పక్కకు జరిగితే లారీలు. వడ్ల మీద నుంచి తొక్కితే చక్రం జారుతుంది, పైగా అది ఒకరి ఆరుగాలం. దిగి నడిపించుకుంటూ పోయాం చాలాచోట్ల. మళ్లీ అల్పపీడనమంటున్నారని రైతులు ఆకాశం వంకే చూస్తున్నారు. జొన్నాడ దగ్గర ఒకాయన పట్టా కప్పుతూ, "ఆయ్, మీకు వాన పడితే తడుత్తారు, మాకు పడితే మొలకెత్తుద్దండి" అన్నాడు. అక్కడ విరాళం అడగలేదు.

గౌతమి మీద జొన్నాడ వంతెన, వశిష్ఠ మీద సిద్ధాంతం వంతెన. రెండింటి మీదా సైకిలుకు జాగా లేదు. బొలేరో వెనక ఇండికేటర్లన్నీ వేసుకుని అడ్డుగా వస్తే, వాడి వెనక లారీల హారన్లు. ఒక్క ఊపున దాటేశాం, గోదారిని చూసే తీరిక దొరకలేదు. రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య నిలబడి మాత్రం తీరిగ్గా తిన్నాం.

సిద్ధాంతం దాటాక నా వెనక చక్రం గాలి పోయింది. హైవే మీద పంచర్లకు మేకులు కారణమనుకుంటాం, కాదు. లారీ టైర్లు పేలినప్పుడు లోపలి ఉక్కు తీగలు వెంట్రుకల్లా ముక్కలై రోడ్డు అంచుకు చేరతాయి. ట్యూబు మార్చి ఊరుకుంటే పది నిమిషాల్లో మళ్లీ పోతుంది, ఎందుకంటే తీగ టైర్లోనే ఉంటుంది. చేత్తో తడిమినా తెలియదు. డాక్టరమ్మ టైరు లోపలివైపు దూదితో రాసుకుంటూ పోయింది. ఒకచోట దూది పోగు పట్టుకుంది. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి ఫోర్సెప్స్ తీసి, టైరును వెనక్కి విరిచి, రెండు మిల్లీమీటర్ల తీగను పట్టి లాగింది. ఎండలో చూపిస్తే తప్ప కనపడలేదు. అప్పట్నుంచి దూది పొట్లం నా జేబులోకి మారింది.

తణుకు శిబిరం గురించి కాస్త వివరంగా రాయాలి. రక్తం తీసేముందు హిమోగ్లోబిన్ చూస్తారు, 12.5 ఉండాలి. మిషన్లొచ్చినా అక్కడ పాత పద్ధతే. గాజు గ్లాసులో నీలంగా మైలుతుత్తం ద్రావణం, రైతులు బోర్డో మిశ్రమంలో సున్నంతో కలిపేదే. వేలు గుచ్చి, ఒక్క చుక్క పైనుంచి వదులుతారు. హిమోగ్లోబిన్ చాలినంత ఉంటే చుక్క పూసలా నేరుగా అడుక్కి పోతుంది. లేకపోతే కాస్త దిగి, ఆగి, మళ్లీ పైకి లేస్తుంది. డిగ్రీ రెండో ఏడు అమ్మాయి ఒకతె తన చుక్క పైకి రావడం కళ్లప్పగించి చూసింది. వెనక వరసలో స్నేహితురాళ్లు. "నా రక్తం పనికిరాదా మేడమ్?" అంది. ఆ తర్వాత వచ్చిన అమ్మాయిల్లోనూ ఇంకా చాలామందిని వెనక్కి పంపారు.

డాక్టరమ్మ వాళ్లను పక్కన కూర్చోబెట్టింది. దాతల నంబర్లు మా మొదటి జాబితా అయితే, వెనక్కి పంపినవాళ్లతో రెండో జాబితా అక్కడ పుట్టింది. రక్తం తక్కువున్నవాళ్లలో ఎక్కువమందికి ఇనుము లోపమే, మాత్రలతో సరిపోతుంది. టీతో కలిపి వేసుకోకూడదు, అంతే. కానీ కొందరికి కారణం వేరు: వాళ్లు తలసీమియా క్యారియర్లు, అంటే ఆ జన్యువును మోసేవాళ్లు. మన దేశంలో వందకు ముగ్గురు నలుగురు అలా ఉంటారు. వాళ్లకు ఏ జబ్బూ ఉండదు, జీవితాంతం తెలియకపోవచ్చు కూడా. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తేల్చేది హెచ్‌బీఏ2 అనే ఒక్క రక్తపరీక్ష, క్యారియర్లలో అది ఎక్కువగా ఉంటుంది. పోగైన డబ్బు ఈ పరీక్షలకే వాడదామని రాత్రి ఏలూరు లాడ్జిలో అందరం కూర్చుని తేల్చాం, సంస్థవాళ్లు ఫోన్లోనే సరేనన్నారు. పరీక్ష ఇప్పుడే వద్దని డాక్టరమ్మ ఆపింది. ఇనుము లోపం ఉన్నప్పుడు చేస్తే హెచ్‌బీఏ2 తక్కువగా చూపించి, క్యారియర్ కూడా మామూలు మనిషిలా తేలే ప్రమాదం ఉంది. ముందు రెండు మూడు నెలలు మాత్రలు, ఆ తర్వాత పరీక్ష. అంటే అదీ మార్చే.

డిసెంబరు 12, విజయవాడ

ఏలూరు నుంచి అరవై కిలోమీటర్లు, తేలిగ్గా అయిపోయింది. శిబిరం కూడా బాగా జరిగింది. వరదల్లో ఇల్లు మునిగిన ఓ కుర్రాడు రక్తమిచ్చి, "అప్పుడు మాకు పడవలో పాలు తెచ్చిచ్చినోళ్లు ఎవరో తెలవదండీ" అని మాత్రం అన్నాడు. అతని నంబరు జాబితాలో పైన రాసుకున్నాం.

డిసెంబరు 13, 14, సూర్యాపేట మీదుగా ఇంటికి

ఇబ్రహీంపట్నం దాటగానే రోడ్డు మారింది. నందిగామ వైపు పత్తి చేలు, పత్తి లారీలు, గాలికి రోడ్డంతా తెల్లటి పింజలు. ఎక్కుడు కంటికి కనపడదు, మోకాళ్లకు తెలుస్తుంది. జగ్గయ్యపేట దాటాక చిన్నోడు కూడా మాటలు తగ్గించాడు. మాస్టారు మాత్రం అదే పద్నాలుగు. గేర్లున్న మేం గేర్లు మార్చుకుంటూ ఆయన వెనకే.

కోదాడ దాటి ఒక చోట మజ్జిగ తాగుతుంటే ఓ పెద్దాయన, "ఏడికెళ్లి వస్తున్రు?" అన్నాడు. వైజాగ్ అంటే నమ్మలేదు. ఎందుకొస్తున్నామో చెబితే నవ్వడం ఆపాడు. ఆయన మనవడికీ ఇదే జబ్బట, హైదరాబాద్ తీసుకుపోతారట. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక కోడలికి టికెట్ ఖర్చు తప్పింది, పిల్లోడికి హాఫ్ టికెట్ ఉంటుంది, కానీ రక్తం ఎక్కించిన రోజు ఆమె కూలి పోతుందన్నాడు. రక్తాన్ని పరీక్షించి సిద్ధం చేసినందుకు బ్లడ్ సెంటర్లు తీసుకునే ప్రాసెసింగ్ ఛార్జీ ఈ పిల్లల దగ్గర తీసుకోకూడదని రూలుంది, ఎవరైనా అడిగితే ఇవ్వొద్దని డాక్టరమ్మ తన నంబరు రాసిచ్చింది.

సూర్యాపేట శిబిరం పొద్దున్నే పెట్టించి, మంచు విడిచాక బయల్దేరాం. టేకుమట్ల దగ్గర మూసీ, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల. శనివారం కాబట్టి హైదరాబాద్ నుంచి ఎదురొచ్చే కార్లకు అంతు లేదు. చౌటుప్పల్ నుంచి దుమ్ము, హయత్‌నగర్ నుంచి పొగ. ఈ ముక్క గురించి రాయడానికేమీ లేదు, ఎవరూ సరదాకి తొక్కొద్దు. ఎల్బీనగర్‌లో సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ఆటో అతను మాస్టారి సైకిల్ గంట కొట్టి చూశాడు.

జనవరి 2025

బావ లెక్కలు అప్పజెప్పాడు. నాలుగు లక్షలకు కాస్త తక్కువ, అంతా సంస్థ ఖాతాలో. రసీదు పుస్తకం మిగిలిన కాగితాలతో సహా వాపసు. యాత్ర ఖర్చులు ఐదుగురం పంచుకున్నాం. బొలేరో నడిపినందుకు పెద్దమ్మ కొడుకుకు ఏమిచ్చినా తీసుకోలేదు, టైర్లు మాత్రం మార్పించమన్నాడు.

మాటిచ్చినట్టే మేం నలుగురం రక్తమిచ్చాం. డాక్టరమ్మకు మైలుతుత్తంలో చుక్క తేలింది. "అందరికీ చెప్పేదాన్ని, నేను వేసుకుంటేగా" అని మాత్రలు మొదలెట్టింది.

మార్చి చివర

ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరం ఒక ఊరు పంచుకున్నాం. సగంమంది ఎత్తరు, తెలియని నంబరనుకుంటారు. ముందు "రక్తదానం గురించి సాయంత్రం ఫోన్ చేస్తాం" అని మెసేజి పెట్టి, తర్వాత చేస్తే ఎత్తుతున్నారు. పరీక్షలైపోయి ఊళ్లకెళ్లినవాళ్లను అక్కడికి దగ్గర్లోని బ్లడ్ సెంటర్‌కు పంపుతున్నాం. విజయవాడ కుర్రాడు మేం అడగకముందే వెళ్లి ఇచ్చేశాడు.

రెండో జాబితాలో రిపోర్టులు వస్తున్నాయి. చాలావరకు నార్మల్. ఇద్దరు క్యారియర్లుగా తేలారు. అందులో ఒకరి తల్లి నిన్న రాత్రి డాక్టరమ్మకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారట, ఈ సంగతి చెబితే ఎవరు చేసుకుంటారని భయం. మీ అమ్మాయి ఆరోగ్యంగానే ఉందమ్మా, జబ్బు కాదు, దాచాల్సిందేమీ లేదు, అబ్బాయికీ ఇదే పరీక్ష చేయించండి, అతనికి లేకపోతే మీ మనవలకు మేజర్ రాదు, అని డాక్టరమ్మ చెప్పింది. జాతకాలు చూపిస్తారు కదా, దాంతోపాటే అడగండి అంది. ఆ పరీక్షకయ్యే ఖర్చు కూడా మా డబ్బులోంచే ఇవ్వొచ్చా అని బావను అడిగాం. అబ్బాయి శిబిరానికి రాలేదు కదా, పద్దు ఎలా రాయాలని అతను ఆలోచిస్తున్నాడు. ఒప్పుకుంటాడనే అనుకుంటున్నా.

తునిలో అబ్బాయిలకు ఫోన్లు పూర్తయ్యాయి. రేపు ఏలూరు జాబితా నాది. తణుకు అమ్మాయిల 120 రోజులు ఏప్రిల్ రెండో వారానికి నిండుతాయి, అవి మాస్టారు చేస్తారు. పెద్దాయన గొంతు వింటే తల్లిదండ్రులు ఫోన్ పెట్టెయ్యరని చిన్నోడి సలహా.